అమ్మ జాకెట్టుకు టిచ్ బటన్లు పెట్టిన టైలర్ షాపు, హనుమకొండ

ముందు పనికొచ్చే వివరాలు చెప్పేస్తాను, చాలామందికి అవే కావాలి. షాపు హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గల్లీలో ఉంది, మూడు మెట్లెక్కాలి. లేడీస్ టైలరింగ్ మాత్రమే. కటింగ్ మాస్టర్ ఒకరు, మిషన్ల మీద ఇద్దరు, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు లాంటి చేతి పనికి ఒక అమ్మాయి. లైనింగ్ జాకెట్టుకు నా దగ్గర 450 రూపాయలు తీసుకున్నారు, చీరకు ఫాల్, పికో కలిపి 120. శుక్రవారం మధ్యాహ్నం మాస్టర్ నమాజుకు వెళ్తారు, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా షాపు మూసి ఉంటుంది. వేసుకుని చూసుకోవడానికి గది లేదు, ఒక మూలకు కర్టెన్ కట్టారు, అద్దం మాత్రం పెద్దదే. చెప్పిన రోజుకు ఇవ్వరు, రెండు మూడు రోజులు కలిపి లెక్కేసుకోండి. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే మాస్టర్‌ని అడిగితే, ఉన్న పనికే చేతులు సరిపోతలేవు, ఇంకా జనం వస్తే అందరికీ లేటైతది, వద్దు మేడం అన్నారు. ఆ మాట గౌరవించాలి. కావాలంటే గల్లీల్లో నాలుగు అడుగులు ఎక్కువ వేయండి, దొరుకుతుంది.

ఇక నేను అసలు రాయాలనుకున్నది.

రెండేళ్ల కింద ఇంకో షాపులో నా పట్టు జాకెట్టు పాడు చేశారు. ఆ రోజు బస్టాండ్‌లో నిలబడే ఫోన్ తీసి ఒక్క స్టార్ ఇచ్చి పదిహేను లైన్లు రాశాను. ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. ఈ మధ్య నేను రాసిన రివ్యూలన్నీ ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకున్నాను, కొరియర్ వాళ్ల మీద, వాషింగ్ మెషిన్ మీద, ఒక హోటల్లో చల్లారిన ఇడ్లీ మీద, అన్నీ కోపంతో రాసినవే. బాగుంది అని రాసింది ఒక్కటీ లేదు. అంటే ఇన్నేళ్లలో నాకు ఎవరూ మంచి పని చేసి పెట్టలేదా? చేశారు. నేనే నోరు తెరవలేదు. నేను క్రైస్తవురాలిని, సండే స్కూల్ టీచర్‌ని కూడా, బైబిల్లో ఎఫెసీ పత్రిక అనే ఉత్తరంలోని 4:29 వాక్యం పిల్లలచేత ఎన్నిసార్లు కంఠతా పెట్టించానో లెక్కలేదు, వినేవాళ్లకు మేలు చేసే మాటే నోట్లోంచి రావాలని. ఆ వాక్యం పిల్లలకు నేర్పించి నా ఫోన్‌లో మాత్రం వేరేగా బతుకుతున్నానని ఆ రోజు గట్టిగా తగిలింది.

ఇప్పుడు జాకెట్టు సంగతి. జనవరిలో మా చెల్లె పెళ్లి. అమ్మకు ఏడాదిన్నర కింద పక్షవాతం వచ్చింది, మాట నెమ్మదిగా తిరిగొచ్చింది, నడుస్తుంది, కానీ ఎడమ చెయ్యి సరిగ్గా లేవదు, వేళ్లలో పట్టు లేదు. అప్పటినుంచి ఇంట్లో నైటీలే. చీర నేనో, చెల్లెనో కడతాం, దానికి అమ్మ ఏమీ అనదు, కానీ జాకెట్టు హుక్కులు వేరేవాళ్లు పెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు. హుక్కు పెట్టాలంటే రెండు చేతులు కావాలి కదా, ఒక చేత్తో అంచు పట్టుకోవాలి, ఇంకో చేత్తో తగిలించాలి. మేం పెడుతుంటే అమ్మ గోడ వైపు చూస్తుంది. ఈ కారణంగానే చర్చికి రావడం కూడా తగ్గించింది. పెళ్లికి మెరూన్ రంగు పట్టుచీర తీసుకుంటే, "నా జాకిట్ నేను ఏసుకోరాని దానికి పట్టుచీర ఎందుకు బిడ్డా" అంది.

కొలతలకు అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. మాస్టర్ బయటికొచ్చి, మెట్లు ఎక్కొద్దమ్మా అని స్టూల్ కిందే వేయించి, లోపలున్న అమ్మాయిని టేపు పట్టుకోమని పిలిచారు. పది నిమిషాల్లో అయిపోయింది. నేను హుక్కుల గురించి ఏమీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే చెప్పొచ్చని కూడా నాకు తట్టలేదు. ఎడమ చెయ్యి కొంచెం లూజుగా కుట్టండి అన్నాను, అంతే.

శనివారం అన్నది మంగళవారం ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే ముందు హుక్కులు లేవు. వాటి స్థానంలో ఐదు టిచ్ బటన్లు ఉన్నాయి. పట్టీ మామూలుకన్నా వెడల్పుగా ఉంది, కాబట్టి వదిలేసినా ముడుచుకోకుండా ఒకదాని మీద ఒకటి తిన్నగా పడుతుంది, కుడి చేత్తో పైనుంచి నొక్కితే చాలు, టక్ మని పడిపోతుంది. ఎడమ చంక కింద అదే గుడ్డలోంచి చిన్న ముక్క అతికారు, చెయ్యి లేపకుండానే దూరుతుంది. అమ్మ మంచం మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని ఒక్కో బటన్ నొక్కి, లాగి, మళ్లీ నొక్కి చూసుకుంటోంది. ఆ టక్ టక్ శబ్దం నాకు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది.

అప్పుడు నేను జాకెట్టు తీసుకుని లోపలి వైపు తిప్పాను. మామూలుగా మనం తిప్పం. ఒంటికి సరిపోయిందా, మెడ డిజైన్ కుదిరిందా, అంతవరకే చూస్తాం. లోపల మెడ చుట్టూ హెమ్మింగ్ చూస్తే ఒక్కో కుట్టు బియ్యపు గింజలో సగం కూడా లేదు. అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. మెరూన్ గుడ్డ ఉన్నంత దూరం మెరూన్ దారం, చేతుల అంచున బార్డర్ వచ్చేసరికి దారం మార్చి బంగారు రంగు వేశారు, అందుకే బయటికి ఒక్క చుక్క కూడా కనపడదు. ప్రతి టిచ్ బటన్ వెనకాల గోరంత గుడ్డ ముక్క పెట్టి కుట్టారు, లేకపోతే రోజూ లాగితే పట్టు చిరిగిపోతుందని. ఐదు బటన్లు, ఐదు ముక్కలు, ఐదూ మడత పెట్టి అంచులు కుట్టినవే. ఈ పని ఎవరికి కనపడుతుంది? ఎవరికీ కనపడదు. అది చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మర్నాడు నేను పాఠాలు చెప్పే స్కూల్ అయ్యాక షాపుకు వెళ్లాను. డబ్బులు ముందు రోజే పూర్తిగా కట్టేశాను, అది మంచిదైంది, బేరం కోసం పొగుడుతున్నాననుకునే అవకాశం లేదు. జాకెట్టు తీసి మాస్టర్ బల్ల మీద పెట్టి, "ఈ హెమ్మింగ్ ఎవరు చేసిన్రు మాస్టర్?" అని అడిగాను.

రెండు మిషన్లూ ఆగిపోయాయి. వెనకాల చాప మీద కూర్చున్న ఆ అమ్మాయి సూది చేతిలో ఉండగానే లేచి నిలబడింది. ఇంటర్ అయిపోయి ఒకటి రెండేళ్లు అయి ఉంటుంది. ముఖంలో రంగు లేదు. మాస్టర్ చెయ్యి చాచి, "ఏమైంది మేడం, ఎక్కడన్నా ఊడిందా? ఇయ్యండి, కూర్చోండి, ఇప్పుడే సరిచేసి ఇస్తం" అన్నారు.

నేను తప్పుగా అడిగానా అనుకున్నాను. కాదు, అదే ప్రశ్న. ఆ షాపులోనే కాదు, మన దగ్గర ఎక్కడైనా 'ఇది ఎవరు చేసిన్రు' అంటే తిట్టడానికే. నా క్లాసులో నేను నోట్‌బుక్ పైకెత్తి, ఇది ఎవరిదిరా అంటే పిల్లలందరూ తలలు దించుకుంటారు. మంచి పని చేసినవాళ్లను వెతుక్కుంటూ ఎవరూ రారని అందరికీ అంత బాగా అలవాటైపోయింది.

"ఊడలేదు మాస్టర్. ఇంత మంచి చేతి పని నేను ఇప్పటిదాకా చూడలేదు. చేసినవాళ్లకు చెప్పిపోదామని వచ్చిన" అన్నాను. మాస్టర్ ఒక్క క్షణం ఊరుకుని, వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని ముందుకు రమ్మన్నారు. "నేను కటింగ్ వరకే మేడం. బటన్ల సంగతి నాకు తట్టనే లేదు. కొలతలు తీసేటప్పుడు అమ్మ పైట సర్దుకుంటందుకు కుడి చేత్తో ఎడమ చెయ్యి లేపిందంట, గీ పిల్ల చూసింది. రాత్రి షాపు మూసేటప్పుడు చెప్పింది, హుక్కులు పెట్టుకోరాదు సార్, టిచ్ బటన్లు పెడదాం అని. ఆ గుడ్డ ముక్కలు కూడా ఆమె ఆలోచనే."

ఆ మాట ఆయన చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. పొగడ్త ఆయన ముందుకే వచ్చింది, షాపు ఆయనది, తీసుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్లు లేరు. నాకు బైబిల్లోని బర్నబా గుర్తొచ్చాడు. అంతకుముందు క్రైస్తవుల్ని హింసించిన సౌలును (తర్వాత పౌలు అని పిలిచేది ఇతన్నే) చూసి యెరూషలేములో శిష్యులందరూ భయపడుతుంటే చెయ్యి పట్టుకుని అపొస్తలుల, అంటే యేసు ముఖ్య శిష్యుల, దగ్గరికి తీసుకెళ్లి ఇతను ఇలాంటివాడు అని చెప్పినవాడు బర్నబా. తర్వాత సౌలు సొంతూరు తార్సు దాకా పోయి అతన్ని వెతికి తెచ్చినవాడు కూడా ఆయనే. అసలు పేరు యోసేపు, కుప్రకు (సైప్రస్ దీవికి) చెందిన లేవీయుడు, బర్నబా అన్నది అపొస్తలులు పెట్టిన పేరు. మన పాత తెలుగు బైబిల్లో ఆ పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం రాశారు. చిన్నప్పుడు అది చదివి, అందరినీ జాగ్రత్త జాగ్రత్త అని గదమాయించే పెద్దమనిషి అనుకున్నాను, ఎందుకంటే ఇప్పుడు మనం హెచ్చరిక అంటే ప్రమాదం బోర్డు మీద రాసేదే. ఆ మాటకు అక్కడ అర్థం అది కాదు, ధైర్యం చెప్పి ముందుకు నడిపించడం. మా చర్చిల్లో చాలామందిమి రెండోది వదిలేసి మొదటిదే పట్టుకున్నాం అనిపిస్తుంది. మాస్టర్ మా మతం కాదు, కానీ ఆ రోజు ఆయన చేసింది బర్నబా చేసిన పనే.

ఆ అమ్మాయి నవ్వలేదు, థాంక్స్ కూడా అనలేదు. జాకెట్టు చేతిలోకి తీసుకుని తిప్పి, వెనక మెడ దగ్గర ఒక చోట వేలు పెట్టి చూపించింది. "ఇగో, ఇక్కడ దారం అయిపోయింది అక్కా. ముడి కనపడొద్దని రెండుసార్లు ఇప్పి కుట్టిన. ఎవరు చూస్తరులే అనుకున్న." నేను వంగి చూశాను, నిజంగానే ముడి ఎక్కడుందో నాకు దొరకలేదు. ఆ తర్వాత ఆమె అడిగింది ఒక్కటే: "అమ్మకు పెట్టుకోవస్తుందా?"

నేను ఆమె పేరు అడిగి, పేరు పెట్టి పిలిచి, నీ గురించి ఈ రోజు ప్రార్థనలో దేవునికి థాంక్స్ చెప్పుకున్నాను అన్నాను. పేరు ఇక్కడ రాయను, ఆమెను అడగలేదు. కానీ ఎదురుగా పలకడం మాత్రం ముఖ్యం అనుకుంటాను. పౌలు రోమా పత్రిక చివర, 16వ అధ్యాయంలో, వరసగా పేర్లు రాస్తాడు చూడండి, ఊరికే వందనాలు అని వదిలేయడు, పెర్సిసు బాగా కష్టపడింది, రూఫు తల్లి నాకూ తల్లే, అని ఒక్కొక్కరికి వాళ్ల సంగతి ఒకటి జోడిస్తాడు. ఆ అధ్యాయం చదివేటప్పుడు మేం గబగబా దాటేసేవాళ్లం.

మా ఇంట్లో పొగడ్త అంటే కొంచెం భయం. ముఖం మీద పొగిడితే ఆయుక్షీణం అనేది మా నానమ్మ. దిష్టి అని చుట్టుపక్కలవాళ్లు అంటారు. చర్చికి వెళ్తే, మహిమ దేవునికే చెల్లాలి, మనిషిని పొగిడితే గర్వం వస్తుంది అంటారు. గర్వం సంగతి నిజమే, నేనేమీ కొట్టిపారేయను. కానీ నిర్గమకాండం 31వ అధ్యాయంలో ఆరాధన కోసం కట్టే గుడారం పని గురించి దేవుడే మోషేతో మాట్లాడుతూ, ఊరు అనే ఆయన కొడుకు బెసలేలు అని పేరు పెట్టి చెప్తాడు, అతనికి నేర్పు, వివేకం ఇచ్చానంటాడు, పక్కన అహోలీయాబు పేరు కూడా చెప్తాడు. పనివాళ్ల పేర్లు దేవుడు పలికితే ఆయన మహిమేమీ తగ్గలేదు.

ఇచ్చకాలు వేరు. సామెతల గ్రంథం 29:5 ఇచ్చకాలాడేవాడు పొరుగువాడికి వల వేస్తున్నాడంటుంది. ఏదో కావాలి కాబట్టి చెప్పే మాట అది. ఎలా తెలుస్తుందంటే, నా అనుభవంలో ఇచ్చకంలో వివరం ఉండదు. "సిస్టర్ మీ పాట చాలా బాగుంది", "అన్నా మీ వాక్యం సూపర్" అని ప్రతి ఆదివారం ఒకే మాట అందరికీ పంచుతాం, అందులో అబద్ధం లేకపోవచ్చు, కానీ ఆ మనిషిని చూసి చెప్పింది కాదు. నేను కూడా నోట్‌బుక్కుల్లో గుడ్, వెరీ గుడ్ అని అలాగే రాసుకుంటూ పోయేదాన్ని. ఆ వారం ఏడో తరగతి పిల్లాడి మ్యాప్ కింద, గోదావరి కందకుర్తి దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చేది చాలా జాగ్రత్తగా గీశావు, అని రాశాను. వాడు సాయంత్రం దాకా ఆ పేజీ తెరిచే పెట్టుకున్నాడు.

ఇక తగ్గించిన స్టార్ గురించి. శనివారం అని మంగళవారం ఇవ్వడం పెళ్లివాళ్లకు చాలా టెన్షన్. మా చెల్లె జాకెట్టు కూడా వాళ్ల దగ్గరే ఉంది, ఆ మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్రలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిగిలిన గుడ్డ కూడా అడిగితేనే ఇచ్చారు. ఇవి చెప్పకుండా దాచిపెడితే ఈ రివ్యూ మీద నాకే నమ్మకం ఉండదు. మాస్టర్‌కు కూడా చెప్పాను, అయితే మెచ్చుకున్న రోజు కాదు, తర్వాత చెల్లె జాకెట్టు తీసుకోవడానికి వెళ్లినప్పుడు. ప్రకటన గ్రంథంలో ఎఫెసు అనే ఊళ్లోని క్రైస్తవ సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరంలో ముందు వాళ్ల కష్టం, సహనం అన్నీ ఎరుగుదును అని వివరంగా చెప్పాకే, అయినా నీమీద ఒక తప్పు ఉంది, మొదటి ప్రేమ వదిలేశావు అంటాడు. మా అమ్మమ్మది డోర్నకల్, అక్కడి బిషప్ అజరయ్య గారిది ఇలాంటి కథే ఒకటి ఆమె చెప్పేది. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్ ఆయనే. దానికి రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభలో మాట్లాడమంటే, మీరు మీ ఆస్తులు ఇచ్చారు, మీ ప్రాణాలు ఇచ్చారు, భారత సంఘం మీ త్యాగాన్ని మరచిపోదు అని ముందు మనస్ఫూర్తిగా చెప్పి, ఆ తర్వాత, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. దొరల ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో. రెండూ ఒకే నోటితో, ఒకే రోజు చెప్పేంత నేర్పు నాకు లేదు, అందుకే రెండు రోజులు చేసుకున్నాను. మాస్టర్ కోపం తెచ్చుకోలేదు. అప్పటిదాకా నోటితో చెప్పే తారీఖులు ఇప్పుడు క్యాలెండర్ మీద రాస్తున్నారు, నేను చూశాను. ఇంకా ఒక రోజు అటూ ఇటూ అవుతూనే ఉంది.

అపొస్తలుల కార్యాలు 9వ అధ్యాయంలో యొప్పేలో తబితా చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, బట్టలు పేతురుకు చూపిస్తారు. సండే స్కూల్లో ఆమె మళ్లీ బతికి లేచిన సంగతి మీదే పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు చదివితే ఆ బట్టలు చూపించే చేతులే కనపడుతున్నాయి. వాళ్లు ఆ కుట్లు ఆమె బతికున్నప్పుడు ఆమెకు ఎప్పుడైనా చూపించారో లేదో అక్కడ రాయలేదు. మా ఊళ్లో జ్ఞాపకార్థ కూడికలకు వెళ్లినప్పుడల్లా మైకు పట్టుకుని ఒక్కొక్కరు ఎంత మంచి మాటలు చెప్తారో, ముందు వరసలో పూలదండ వేసిన ఫోటో మాత్రమే ఉంటుంది వినడానికి.

పెళ్లి రోజు పొద్దున ఐదు గంటలకు అమ్మ గది తలుపు వేసుకుంది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి లోపలినుంచి గడియ పెట్టుకుంది. చెల్లె, నేను బయట నిలబడ్డాం, పిలవాలా వద్దా తెలియలేదు. కాసేపటికి టక్ మని వినపడింది. తర్వాత ఇంకొకటి. ఐదు లెక్కపెట్టాం.

పెళ్లయిన పది రోజులకు అమ్మే అడిగింది, ఆ షాపుకు తీసుకపో అని. మెట్లు ఎక్కొద్దన్నా వినలేదు, మూడు మెట్లూ నా భుజం పట్టుకుని ఎక్కింది. ఆ అమ్మాయి చాప మీంచి లేచి వచ్చింది. అమ్మ మాట ఇప్పటికీ ఆగి ఆగి వస్తుంది, షాపులో అందరూ ఆగి విన్నారు. అమ్మ ఆ అమ్మాయి కుడి చెయ్యి పట్టుకుని, సూది గుచ్చుకుని గరుకుగా అయిన చూపుడు వేలు బొటనవేలితో రుద్దుతూ, "నన్ను తలుపేసుకునేటట్టు చేసినవు బిడ్డా" అంది.

ఇంకో నాలుగు కాటన్ జాకెట్లు ఇచ్చి వచ్చాం, నాలుగింటికీ టిచ్ బటన్లే. ఈసారి కొలతలు ఆ అమ్మాయే తీసింది, మాస్టర్ పక్కన నిలబడి పుస్తకంలో రాసుకున్నారు.